మెరుపు జత గెలిచిన రోజు

ఒక పెద్ద అడవిలో, వాగుకు వరదొస్తే మోగడానికి ఒక సైరను ఉండేది. అందులో బ్యాటరీలు లేవు. అందుకే అది ఏనాడూ తప్పుగా మోగలేదని పంచాయతీ గొప్పగా చెప్పుకునేది.

వాగు ఒడ్డునే ముళ్లపంది అచ్చియ్యమ్మ బొరియ. పోయినేడు వరదొచ్చినప్పుడు, కొట్టుకొచ్చిన దుంగను పట్టుకుని ఇద్దరు పిల్లలతో రెండు రోజులు వేలాడింది. అప్పట్నుంచీ మబ్బు కనిపిస్తే చాలు, పంచాయతీకి పరిగెత్తేది.

ఈసారి అదృష్టం కలిసొచ్చింది. అడవి చూడ్డానికొచ్చినవాళ్లు మరిచిపోయిన సంచిలో మూడు జతల లిథియం బ్యాటరీలు దొరికాయి. మూడూ మూడు కంపెనీలవి: ఉరుము, మెరుపు, పిడుగు.

"ఏదో ఒక జత వేసెయ్యండి నాయనా, మబ్బు పట్టింది," అంది అచ్చియ్యమ్మ.

పంచాయతీ పెద్ద నక్క పాపారాయుడు నొచ్చుకున్నాడు. "ఏదో ఒకటా? రేపెవరైనా ఇదే ఎందుకు వేశారంటే నేనేం చెప్పాలమ్మా? పోల్చి చూడాలి. కమిటీ వెయ్యాలి."

కమిటీకి అధ్యక్షుడు తనే. కార్యదర్శి కొంగ. ఆ సంచిలోనే ఉన్న మూడు టార్చిలైట్లలో మూడు జతలూ వేసి, పట్టపగలే వెలిగించి పెట్టారు. కొంగ రోజూ వాటికేసి తదేకంగా చూసి, "వెలుగు ఏమాత్రం తగ్గలేదు" అని రాసేది. నాలుగో రోజూ అదే రాసింది.

అచ్చియ్యమ్మకు గుబులు పట్టుకుంది. "బాబూ, మా బొరియ పక్క చెట్టుకు ఫారెస్టువాళ్లు కట్టిన కెమెరాలో వేసేది ఈ రకమే. ఇవి మసకబారవు. చివరిదాకా ఒకేలా వెలిగి ఠక్కున ఆరిపోతాయి. మళ్లీ చార్జింగు పెట్టడానికీ లేదు. వెలుగు చూసి లోపలెంత మిగిలిందో చెప్పలేం."

"నువ్వు కమిటీలో ఉన్నావా?" అన్నాడు పాపారాయుడు.

"లేనండి."

"మరి నీకెలా తెలుస్తుంది?"

ఐదో రోజు పొద్దున ఉరుము ఆరింది. మధ్యాహ్నానికి పిడుగూ పోయింది. మెరుపు మాత్రం ధగధగలాడుతోంది.

"మెరుపే విజేత!" అన్నాడు పాపారాయుడు. ఆ జతకే దండ వేసి, డప్పులతో ఊరేగించి, సైరను దగ్గరికి తెచ్చారు.

"అదీ వాటితోపాటే ఐదు రోజులు వెలిగింది కదయ్యా! ఇంకేం మిగిలుంటుంది?" అంది అచ్చియ్యమ్మ.

"గెలిచినవాళ్లను చూసి ఓర్వలేకపోతే ఎలా అమ్మా?" అంటూ పాపారాయుడు రిబ్బను కత్తిరించి మీట నొక్కాడు.

సైరను "కుయ్" మంది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత అది ఇంకేమీ అనలేదు.

చప్పట్లు ఆగాక అచ్చియ్యమ్మ ముక్కుకు బురదనీళ్ల వాసన తగిలింది. ఎగువన ఏదో హోరు. ఆమె ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. వాటిని గలగలా ఆడిస్తూ, "గుట్టెక్కండి! వరదొస్తోంది!" అని అరుస్తూ పిల్లల్ని ముందుకు తోసుకుంటూ పరిగెత్తింది. ఆ గలగలకు అడవంతా ఆమె వెనకాలే పరుగు తీసింది.

సైరనూ పంచాయతీ గుడిసే కొట్టుకుపోయాయి. ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు. గుట్ట మీద అచ్చియ్యమ్మ పిల్లలిద్దరినీ తడిమి తడిమి చూసుకుని, అప్పుడు కూలబడింది.

తోక పిండుకుంటూ పాపారాయుడు దగ్గరికొచ్చాడు. "నీ గలగల బాగానే ఉందమ్మా. సైరను బదులు నిన్నే పెట్టుకోవచ్చు. కానీ అడవిలో ఇంకా ఇద్దరు ముళ్లపందులున్నారు. ఎవరిది ఎక్కువ రోజులు మోగుతుందో పోల్చకుండా ఎలా?"

కొంగ అప్పటికే రాసుకోవడం మొదలెట్టింది.

నీతి తెలుసుకోవాలనుకునేవారికి: అన్నిటికన్నా ఎక్కువ రోజులు నడిచేది కమిటీయే, దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు.