ఫిజిక్స్ పీరియడ్‌లో నాలుగు ప్రార్థనలు

మతాలన్నీ సమానమే గనుక, వాటన్నిటికీ సమానంగా సమయం సమకూర్చవలసిన బాధ్యత ఫిజిక్స్ పీరియడ్‌ది.

తూంకుంటలోని ఒక ప్రైవేటు బడి కనిపెట్టిన ఈ సూత్రం, పద్మజ పెరటి కుళాయి దగ్గర కూర్చుని చింతపండుతో దీపపు కుందులు తోముతున్న ఆ రెండో శనివారం నాటికి పూర్తిగా అమల్లో ఉంది. ఆ కుందుల్లో పెద్దది ఇవాళ బడికి వెళ్లాలి. పదో తరగతి పిల్లల పెన్నులకు అక్కడ ఆశీర్వాద సభ. కుంది పంపడం హిందూ తల్లిదండ్రుల వంతు, కొవ్వొత్తులు క్రైస్తవుల వంతు, అత్తరు ముస్లింల వంతు. (అగ్గిపెట్టె ఏ మతానిదో తేలకపోవడంతో యాజమాన్యమే కొంటోంది.)

మొదట్లో ఆ బడిలో ఒకే ప్రార్థన ఉండేది. "మరి మా పిల్లల సంగతేంటి?" అని కొందరు క్రైస్తవ తల్లిదండ్రులు అడిగారు. తమ పిల్లలను అందులో నిలబెట్టవద్దని వాళ్ల ఉద్దేశం. బడి అర్థం చేసుకుని ఇంకో ప్రార్థన చేర్చింది. శామీర్‌పేట నుంచి వచ్చే ముస్లిం పిల్లల తండ్రులూ అదే మాట అడిగారు. మూడోది చేరింది.

ఇక సమయం ఎక్కడి నుంచి తేవాలన్నది సమస్య. లెక్కల పీరియడ్ జోలికి వెళితే తండ్రులు ఊరుకోరు. ఇంగ్లీషు జోలికి వెళితే తల్లులు ఊరుకోరు. ఆటల పీరియడ్ టైంటేబుల్లో తప్ప ఎక్కడా లేదు. మిగిలింది ఫిజిక్స్. దాని తరఫున ఊరేగింపు తీసే సంఘం దేశంలో ఎక్కడా లేదు కాబట్టి, కోత అక్కడే పడింది.

ఈ వ్యవహారమంతా చూడడానికి సమభావ సమన్వయకర్త అనే ఉద్యోగం పుట్టింది. అందులో జైపాల్ సార్‌ను కూర్చోబెట్టారు. అంతకుముందు ఆయన బడి వ్యాన్ల రూట్లు చూసేవాడు. ఏ స్టాపులోనూ పిల్లలను ఎక్కువసేపు నిలబెట్టలేదన్న మంచి పేరుంది. దేవుళ్ల విషయంలోనూ అదే నిష్ఠ పాటించాడు.

పద్మజ కూతురు హరిచందన దసరా సెలవుల తర్వాత, తల్లిదండ్రుల సమావేశంలో లేచి నిలబడింది.

"సార్, ఏ ప్రార్థనా వద్దనుకునేవాళ్లు ఆ టైములో క్లాసులో కూర్చుని చదువుకోవచ్చా?"

పద్మజ కూతురి మోచెయ్యి గిల్లింది. జైపాల్ సార్‌కు మాత్రం కోపం రాలేదు. (వచ్చి ఉంటే బాగుండేదని పద్మజకు తర్వాత చాలాసార్లు అనిపించింది.)

"మంచిగడిగినవ్ బిడ్డా," అన్నాడాయన. "ఏ మతం లేనోళ్లు గూడ మనుషులే గదా. మీకు అన్యాయం కానియ్య."

అన్న మాట నిలబెట్టుకున్నాడు. మరుసటి వారమే 'మతం లేనివారి మౌన సమయం' మొదలైంది. సమానత్వం కోసం పిల్లలందరూ అందులో పాల్గొనాలి. చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడాలి. పుస్తకం పట్టుకోకూడదు, పట్టుకుంటే ఒక గ్రంథానికి ప్రత్యేక గౌరవం ఇచ్చినట్టవుతుంది. ఆ సమయం కూడా ఫిజిక్స్ పీరియడ్ నుంచే వచ్చింది.

"ఇగ ఖుషేనా మేడం?" అని ఆయన గేటు దగ్గర పద్మజను ఆపి మరీ అడిగాడు.

ఆ తర్వాత రక్షిత మేడం క్లాసులోకి వచ్చి బోర్డు మీద బ్యాటరీ బొమ్మ గీసేసరికి గంట కొట్టేవారు. మర్నాడు ఆవిడ బల్బు గీసేది. సంక్రాంతి దాటినా ఆ బ్యాటరీ నుంచి ఆ బల్బుకు తీగ పడలేదు. వచ్చే నెల పబ్లిక్ పరీక్షలు. హరిచందనకు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదవాలని ఉంది. ఆ పిల్ల నిన్న సాయంత్రమంతా కరెంటు లెక్క ఒకటి ముందేసుకుని, చెయ్యడం రాక, పుస్తకం మీద తల పెట్టుకుని ఏడ్చింది.

రావాలనుకున్న పిల్లలకు ఇవాళ తన ఇంట్లో ఆ పాఠం చెబుతానంది రక్షిత మేడం. సభా ఇవాళే.

"అమ్మా, నేను మేడం దగ్గరికి వెళ్తాను."

"సభకి వెళ్లకపోతే మార్కులు కోస్తారే! బడి యాప్‌లో పెట్టారు, చూసుకో."

యాప్‌లో ఉన్న మాట ఇది: 'ఆశీర్వాదం పూర్తిగా స్వచ్ఛందం. రాని పిల్లల ఇంటర్నల్ మార్కులకు బడి బాధ్యత వహించదు.'

అంతలో పక్కింటి ఎలీషమ్మ చేతిలో పెన్నుతో గేటు తోసుకుని వచ్చింది. ఆమె కూతురు షైనిదీ అదే క్లాసు.

"చెల్లె, నీ కుందితోటి గీ పెన్ను గూడ వ్యాన్ల పంపియ్యి. షైని పొద్దుగాల్నే మేడమింటికి ఉరికింది."

"అయ్యో, మరి ఆశీర్వాదం అక్కా?"

"ఆశీర్వాదం పెన్నుకేనాయె! పెన్ను పోతాంది గదా, మళ్ల పిల్లెందుకు?" ఎలీషమ్మ కుళాయి గట్టు మీద చతికిలబడింది. "మా పాస్టరయ్య ఆదివారం ఆదివారం మస్తు ప్రార్థన జేస్తడు. ఫీజు లేదు, వ్యాను లేదు. గా కరెంటు పాఠం ఆయన చెప్తడా? చెప్పడు. మరి గీళ్లకేం రోగం?"

పద్మజకు నవ్వొచ్చింది. "నేనూ పొద్దున్నే లేచి దణ్ణం పెట్టుకునేదాన్నే కదా అక్కా. దేవుడు మా ఇంట్లోనే ఉన్నాడు, బడికి డబ్బు కట్టి పిలిపించుకోవాలా? కానీ యాప్‌లో కారణం చెప్పమంటున్నారు. నువ్వేం పెట్టావు?"

"ప్రయాణమని పెట్టిన. మేడమింటిదాక పోవుడు ప్రయాణం గాదా? నేనైతే అబద్ధమాడలె."

పద్మజ చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తెరిచింది. కారణాలు వరసగా ఉన్నాయి. అనారోగ్యం. ప్రయాణం. మైల. వేరే దేవుడి కార్యక్రమం. కిందికి జరిపి చూసింది, మళ్లీ పైకి జరిపి చూసింది. చదువు అన్న కారణం ఎక్కడా లేదు.

"ఇద్దరం ప్రయాణమే పెడితే ఆ జైపాల్ సారు పట్టేస్తాడు," అంది. "కుంది ఒళ్లో పెట్టుకుని అబద్ధమెలా ఆడను?"

కాసేపు కూతురి ఉబ్బిన కళ్లకేసి చూసింది. పదో తరగతి పిల్ల, సెలవు రోజున, ఎవరూ చెప్పకుండా చదువుకుంటానంటోంది. కాలనీలో ఎవరిని అడిగినా దాన్ని ఆరోగ్యమనరు. పద్మజ కుందిని కళ్లకద్దుకుని 'అనారోగ్యం' నొక్కింది.

యాప్ వెంటనే బదులిచ్చింది. పద్మజ పైకి చదివింది:

"'మీ పాప త్వరగా కోలుకోవాలని సోమవారం నాలుగు విభాగాల తరఫున ప్రత్యేక ప్రార్థనలు జరుగుతాయి. మతం లేనివారు మౌనంగా కోరుకుంటారు. సమయం: ఫిజిక్స్ పీరియడ్.'"

"ఇగో!" అంది ఎలీషమ్మ.

హరిచందన తన పెన్ను తీసి షైని పెన్ను పక్కన, తోమిన కుంది దగ్గర పెట్టింది. పెన్సిలూ పుస్తకమూ తీసుకుంది. చెప్పులు వేసుకుని, సోమవారం తన ఆరోగ్యం కోసం రద్దు కానున్న పాఠం నేర్చుకోవడానికి వెళ్లిపోయింది.