నాలుగు వేళ్ల ఎడం

ఆ శనివారం పొద్దున దైవాశీర్వాదం వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య విమలకుమారి హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చేలోపు తుపాకుల కొట్టుకి వెళ్లి, దూరంలో ఉన్నది దగ్గరగా చూపిస్తూ గురికి పనికొచ్చేలా వేట తుపాకీ మీద బిగించే స్కోప్ ఒకటి కొని, బేస్‌మెంట్‌లో బియ్యం బస్తాల వెనక దాచేసి, ఏమీ ఎరగనట్టు టీ తాగుతూ కూర్చోవాలి. తుపాకీ అప్పటికే బస్తాల వెనక చేరింది. ఆఫీసులో రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోతున్న ముసలాయన వదిలించుకున్నది. ఎలుగుబంట్ల కోసం చేసింది కాబట్టి తూటా బొటనవేలంత ఉంటుంది. మిషిగన్ జింకకి అంత తుపాకీ దేనికని అందరూ నవ్వారు. కానీ దైవాశీర్వాదానికి కావలసింది జింక కాదు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టి, కార్ల కంపెనీ డిజైన్ సెక్షన్‌లో చేరి తొమ్మిదేళ్లయింది. ఏటా నవంబరు పదిహేనున వేట మొదలవుతుంది. ఆ పొద్దున సెక్షన్ మొత్తం ఉత్తరాది అడవుల్లో క్యాంపులో ఉంటుంది. ఆఫీసులో మిగిలేది ఆయనా, ఫోనూ. "అందరూ వేటకి వెళ్లారండీ, వచ్చే వారం చేయండి" అని తొమ్మిదేళ్లుగా జవాబు చెబుతున్నాడు. వాళ్లు తిరిగొచ్చి, కాఫీ దగ్గర క్యాంపు కబుర్లు చెప్పుకుని పడీ పడీ నవ్వుతుంటే, సంగతేమిటో తెలియకపోయినా తనూ నవ్వేవాడు. ఆ నవ్వులు పుట్టే చోట ఒక్కసారి కూర్చోవాలని ఆయన ప్రాణం కొట్టుకునేది. నోరు తెరిచి అడగొచ్చు. కానీ పిలవని పేరంటానికి వెళ్లే వంశం కాదాయె.

ఆ ఏడు, 1983లో, బాసు వాల్టర్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "డేవ్, ఒక తుపాకీ చూసుకుని మాతో క్యాంపుకి వచ్చెయ్." ఆ సాయంత్రం ఇంటికొస్తూ దైవాశీర్వాదం తన వీధి మలుపు దాటిపోయి, చాలాదూరం వెళ్లాక గానీ గమనించలేదు.

స్కోప్ సంగతి కూడా వాల్టరే చెప్పాడు. "పెద్ద తుపాకీకి చిన్న స్కోప్ చాలు. కంటికీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. పేలినప్పుడు వెనక్కి తన్నుతుంది, జాగ్రత్త."

అలాగే చిన్నది కొన్నాడు. తీరా ఇంటికొస్తే గుమ్మంలో విమలకుమారి!

"తొందరగా వచ్చేశావే?"

"లీవ్ పెట్టాను. ఏంటండీ ఆ పెట్టె?"

ఆమె ఎమర్జెన్సీలో నర్సు. తూటాలు తగిలినవాళ్లకి కట్లు కట్టీ కట్టీ, తుపాకీ మాటెత్తితే చాలు మండిపడుతుంది.

"టెలిస్కోప్. నక్షత్రాలు చూద్దామని," అన్నాడు, నోటికి వచ్చింది.

ఆమె ఆయన మొహం వంక కాసేపు చూసి, "మంచిదే" అని లోపలికి వెళ్లింది.

ఆ మాట ఫోన్‌లో లూసీకి చేరింది. లూసీ పాస్టరు కృపావరం గారి భార్య. ఆవిడకి చెబితే సంఘానికి చెప్పినట్టే. ఆదివారం తెలుగు ఆరాధన ముగిశాక పాస్టరుగారు ప్రకటన చదివారు. "క్రిస్మస్ నాటకంలో తూర్పు దేశపు జ్ఞానుల వేషాలు వేసే పిల్లలకి, పన్నెండో తారీఖు సాయంత్రం దైవాశీర్వాదం బ్రదర్ తన టెలిస్కోప్‌లో నక్షత్రాలు చూపిస్తారు. భోజనాలు కూడా అక్కడే. ఎవరికి వారు ఒక వంటకం తెచ్చుకోండి."

అందరూ "ఆమెన్" అన్నారు.

ఆ సాయంత్రం చిన్న స్కోప్‌లో చూస్తే నక్షత్రాలు మామూలుగానే ఉన్నాయి. విడిగా అసలు టెలిస్కోప్ కొందామంటే, దానికి రెండో అబద్ధం కావాలి. అందుకని చిన్నదాన్ని తిరిగిచ్చి, కొట్టులో ఉన్నవాటిలోకెల్లా పెద్దది తీయమన్నాడు.

"నీ తుపాకీకా ఇది?" అన్నాడు కొట్టువాడు. "దీనికి కన్ను దగ్గరగా ఆనించాలి. ఇంతకీ ఏం వేటాడతావు?"

"నక్షత్రాలు," అన్నాడు దైవాశీర్వాదం.

కొట్టువాడు గబగబా పొట్లం కట్టాడు.

పన్నెండో తారీఖు పొద్దున వాల్టర్ గురి సరిచూద్దామని తుపాకులు పేల్చే మైదానానికి తీసుకెళ్లాడు. నాలుగు వేళ్ల ఎడం మాట దైవాశీర్వాదానికి గుర్తుంది. కానీ అంత ఎడం వదిలితే అద్దంలో నలుపు తప్ప ఏమీ కనిపించలేదు. కొంచెం, ఇంకొంచెం అంటూ కన్ను ముందుకు జరిపి ట్రిగ్గర్ నొక్కాడు. తుపాకీ కంచరగాడిదలా తన్నింది. స్కోప్ అంచు తగిలి కనుబొమ మీద అర్ధచంద్రంలా తెగింది.

వాల్టర్ పరిగెత్తుకొచ్చి రుమాలు అదిమాడు. "ఈ ఏడు వద్దులే, డేవ్. కన్ను పోతే నీ భార్యకి ఏం చెప్పను? వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడట! గాయం కంటే ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది. ఇంత దగ్గరికి వచ్చిన క్యాంపు మళ్లీ జారిపోయింది. పిల్లల కోసం స్కోప్ ఒక్కటీ ఊడదీసుకుని కారెక్కాడు. తుపాకీ వాల్టర్ ట్రక్కులోనే ఉండిపోయిందని ఇంటికొచ్చాక గానీ గుర్తు రాలేదు.

"ఏమైందండీ?"

"బేస్‌మెంట్ మెట్ల మీద పడ్డాను."

విమలకుమారి గాయం వంక ఓసారి చూసి, కడిగి కట్టు కట్టింది.

సాయంత్రానికి పెరడంతా జనం. కెమెరా స్టాండు మీద స్కోప్ నిలబెట్టి, ఆకాశంలో ఉన్న సగం చంద్రుడి వైపు తిప్పాడు. మొదట శాంతి అనే పిల్ల కన్ను పెట్టి ఎగిరి గంతేసింది. "అంకుల్! మూన్ మీద క్రాస్ ఉంది!"

గురి చూడ్డానికి స్కోప్‌లో నిలువుగా, అడ్డంగా ఉండే గీతలవి. నిజం చెబితే తుపాకీ బయటపడుతుంది. దైవాశీర్వాదం స్కోప్‌ని పక్కకి తిప్పబోయాడు. ఈలోగా పాస్టరుగారు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"స్తోత్రం! బ్రదర్, ఇలాంటి అద్దం ఇంట్లో ఉండకూడదు. సంఘానికి ఇచ్చెయ్యండి. క్రిస్మస్‌కి అందరికీ చూపిద్దాం!"

అందరూ "ఆమెన్" అని పాట ఎత్తుకున్నారు. ఆ పాట వినబడిన వైపుగా, ఇంటి పక్కనుంచి వాల్టర్ నడిచి వచ్చాడు, చేతిలో ఎలుగుబంట్ల తుపాకీతో. "డేవ్, దీన్ని మర్చిపోయావు."

పాట మధ్యలో ఆగిపోయింది.

విమలకుమారి తొణకలేదు. "థాంక్యూ వాల్టర్. బేస్‌మెంట్‌లో బియ్యం బస్తాల వెనక పెట్టేయండి. దాని చోటు అదే."

"నీకు తెలుసా?" అన్నాడు దైవాశీర్వాదం.

"బస్తాలో బియ్యం తీసేది ఎవరనుకున్నారు? నవంబర్ వస్తే మా ఎమర్జెన్సీకి ఇలాంటి అర్ధచంద్రాలు బోలెడొస్తాయి. మెట్ల అంచు గుండ్రంగా ఉండదండీ."

"మరెందుకు ఊరుకున్నావు?"

ఆమె గొంతు తగ్గించింది. "తొమ్మిదేళ్లుగా నవంబర్‌లో మీ మొహం చూస్తున్నాను. ఒక్కసారి వెళ్లొస్తే బావుండునని నాకూ ఉండదా?"

ఆయనకి కళ్లు చెమర్చాయి. ఈలోపు లూసీ వాల్టర్ చేతిలోంచి తుపాకీ తీసి గోడకి ఆనించి, ప్లేటు పెట్టేసింది. తెలుగువాళ్ల ఇంటికి ఏ పని మీద వచ్చినా తినకుండా కదలనివ్వరు. వాల్టర్ ఒక గారె కోడికూరలో ముంచి తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోది చేతిలో పట్టుకుని అడిగాడు.

"డేవ్, ఇవి నువ్వు వండగలవా?"

"పెళ్లికి ముందు నేనే వండుకునేవాణ్ని."

"అయితే రా. క్యాంపులో మాకు డబ్బా చిక్కుడు గింజలే గతి. తుపాకీ వద్దు. అసలు మేము జింకని చూసి మూడేళ్లయింది, పేకాడుకుని వచ్చేస్తాం."

"మరి ఇన్నేళ్లూ నన్ను పిలవలేదేం?"

వాల్టర్ తెల్లబోయాడు. "నువ్వు ఎప్పుడూ అడగలేదుగా! నీకిష్టం లేదేమో అనుకున్నాం."

పిలవకుండా వెళ్లకూడదని ఈయన, అడగనివాణ్ని ఇబ్బంది పెట్టకూడదని వాళ్లు. అలా తొమ్మిది నవంబర్లు పోయాయి. దైవాశీర్వాదం నుదుటి కట్టు తడుముకుని, ఈసారి సంగతి తెలిసే నవ్వాడు.

పదిహేనో తారీఖు పొద్దున డిజైన్ సెక్షన్‌లో ఫోను మోగి మోగి, ఎత్తేవాళ్లు లేక ఊరుకుంది.