ఎర్ర డబ్బాకు అర్హులు

"పిల్లల చెవులు దేశానికి ముఖద్వారాలు. వాటిలోకి ఏది పడితే అది దూరడానికి వీల్లేదు."

శబ్ద నియంత్రణ శాఖ డైరెక్టరుగారు ఈ మాట అనగానే సమావేశ మందిరంలో ఉన్నవాళ్లందరూ బల్లమీద వేళ్లతో మెల్లగా తట్టారు. ఆ శాఖలో చప్పట్లు నిషేధం. మెచ్చుకోలు కూడా పరిమితికి లోబడే ఉండాలి.

అందరికంటే మెల్లగా, అందరికంటే ఎక్కువసేపు తట్టినవారు సెక్షన్ సూపరింటెండెంటు. ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది గానీ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. పై అధికారి ఏం చెప్పినా "చిత్తం సార్" అనడం వల్ల అందరూ చిత్తంగారనే పిలిచేవారు. డైరెక్టరుగారు తుమ్మినా ఆయన "చిత్తం సార్" అంటారని గిట్టనివాళ్లు చెప్పుకునేవారు. గిట్టనివాళ్లు చెప్పినంత మాత్రాన అబద్ధం కానక్కర్లేదు.

సంగతేమిటంటే, ఆ భవనం కింది అంతస్తులో ఉద్యోగుల పిల్లల కోసం శిశు సంరక్షణ కేంద్రం ఉంది. కాగితాల మీద పేరు అది. అందరి నోటా మాత్రం పిల్లల గది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పాత ఆయమ్మ ఓ పాట ఎత్తుకునేది. రెండో చరణం రాకముందే పిల్లలు ఎక్కడివాళ్లక్కడ వాలిపోయేవారు. ఆ ఆయమ్మ కూతురి కాన్పుకని సెలవు పెట్టి వెళ్లింది. బదులు వచ్చిన కొత్త ఆయమ్మ మనసు వెన్న, గొంతు రంపం. ఆమె పాడితే పడుకున్న పిల్లలు లేస్తున్నారు, లేచినవాళ్లు ఏడుస్తున్నారు, ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టడానికి ఆమె ఇంకో పాట ఎత్తుకుంటోంది.

ఆ గోల మెట్లెక్కి పై అంతస్తు దాకా వచ్చింది. ఒకనాడు తన ఇంటి పక్క రంపపు మిల్లు మోత మీద ఫిర్యాదు చేద్దామని ఫోన్ చేసిన పెద్దమనిషి కాసేపు విని, "మాకంటే మీ బతుకే ఘోరంగా ఉంది బాబూ. మీరెవరికి చెప్పుకుంటారు పాపం?" అని జాలిపడి పెట్టేశాడు.

ఆ ఫోన్ సంగతి డైరెక్టరుగారి చెవిన పడింది. పిల్లలకు పాటలూ కథలూ వినిపించే పరికరం ఒకటి కొనాలని తీర్మానమైంది. కొనాలంటే ఎంపిక చేయాలి, ఎంపిక చేయాలంటే సంఘం ఉండాలి. డైరెక్టరుగారు అధ్యక్షులు. న్యాయ సలహాదారు, అకౌంట్స్ ఆఫీసరు, బయటినుంచి పిలిపించిన బాలల మనస్తత్వ నిపుణురాలు సభ్యులు. పని చేయడానికి కూడా ఒకరుండాలి కాబట్టి చిత్తంగారు కన్వీనరు.

చిత్తంగారికి ఈ విషయంలో సొంత బాధ ఒకటుంది. ఆయన కూతురు ఆ గదిలోనే ఉంటుంది. నాలుగేళ్ల పిల్ల, చిన్న మనిషి, నోరు మూతపడదు. ఇంటిల్లిపాదీ పిచ్చుక అంటారు. పగటి నిద్ర లేక పిచ్చుక సాయంత్రానికి తోటకూర కాడలా వేలాడిపోతోంది. రాత్రి అన్నం కంచంలోనే తల వాల్చేస్తోంది.

అందుకని ఆయన ఆలస్యం చేయకుండా పిల్లను వెంటబెట్టుకుని ఆటవస్తువుల దుకాణానికి వెళ్లారు. అక్కడ రకరకాల పరికరాలున్నాయి. రంగురంగుల దీపాలు వెలిగేవి, రాకెట్టు ఆకారంలో ఉన్నవి, నిద్రలోనే ఎక్కాలు నేర్పుతామని అట్టమీద రాసుకున్నవి. పిచ్చుక వాటన్నిటినీ దాటుకుపోయి ఓ ఎర్ర డబ్బా ముందు కూర్చుంది. దానికి లావుపాటి బటన్లు మూడున్నాయి. ఒకటి పాటకు, ఒకటి కథకు, ఒకటి వాన చప్పుడుకు. పిచ్చుక కథ బటన్ నొక్కింది.

"అనగనగా ఒక ఏనుగుకి అద్దె ఇల్లు కావలసి వచ్చింది," అంది డబ్బా, పక్కింటి పెద్దమ్మ గొంతులా ఉన్న గొంతుతో.

పిచ్చుక నోరు మూతపడింది. పుట్టిన దగ్గర్నుంచీ తండ్రి చూడని దృశ్యం అది.

"ఇంకేమైనా చూపించమంటారా?" అన్నాడు దుకాణదారు.

"ఉండు అంకుల్, ఏనుక్కి ఇల్లు దొరకనీ," అంది పిచ్చుక.

ఇక పని అయిపోయినట్టే అనుకున్నారు చిత్తంగారు. అంత సర్వీసు ఉన్న మనిషికి అలాంటి భ్రమ కలగడం విచిత్రమే. నమూనాగా డబ్బాను ఆఫీసుకు పట్టుకొచ్చి సంఘం ముందు పెట్టారు.

డైరెక్టరుగారు దాన్ని దూరం నుంచి చూశారు. "బటన్లు మరీ పెద్దవిగా ఉన్నాయి. పిల్లలు నొక్కేస్తారు."

"నొక్కడానికేనండి..." అనబోయి చిత్తంగారు సర్దుకున్నారు. "చిత్తం సార్."

"కథ వినిపించండి."

కథ మొదలైంది. ఏనుగు మొదటి ఇంటి తలుపు తట్టింది. న్యాయ సలహాదారు చెయ్యెత్తారు.

"ఒక్క నిమిషం ఆపండి. ఆ ఏనుగు ఒప్పంద పత్రం లేకుండా అద్దెకు దిగాలని చూస్తోంది. రేపు ఈ గదిలో పెరిగిన పిల్లలెవరైనా పత్రం లేకుండా ఇంట్లో దిగితే బాధ్యత ఎవరిది? మన శాఖదే."

"అది కాదండీ అసలు గాయం," అన్నారు నిపుణురాలు. "లావుగా ఉందని అందరూ దానికి ఇల్లు లేదంటున్నారు. విన్న పిల్లలు తమ కొలతల గురించి ఆలోచనలో పడతారు. ఏనుగుని సన్నగా చేయగలరేమో కనుక్కోండి."

"కనుక్కుంటాను మేడమ్," అని రాసుకున్నారు చిత్తంగారు.

పాట పెట్టారు. అందులో ఒక తల్లి బిడ్డను నిద్రపొమ్మంటోంది. 'నిద్రపో' అన్నది ఆజ్ఞ అనీ, పసిమనసుల మీద ఆజ్ఞలు రుద్దకూడదనీ నిపుణురాలు తేల్చారు. 'వీలుంటే నిద్రపోవచ్చు' అని ఉండాలట. వాన చప్పుడు పెట్టారు. అకౌంట్స్ ఆఫీసరు కుర్చీలో ఇటూ అటూ కదిలి, "వాన వింటే పిల్లలు బాత్‌రూమ్‌కి పరిగెడతారు. కింద ఉన్నది ఒకే బాత్‌రూమ్," అన్నారు. అని, తాను లేచి వెళ్లి వచ్చారు.

చెవుల్లో పెట్టుకునేవి ఇస్తే ఎలా ఉంటుందని ఒకరంటే, అప్పుడు నిప్పంటుకున్నా పిల్లలకు వినబడదని మరొకరన్నారు. మాటా మాటా పెరిగింది. గోడకున్న శబ్దమాపకం ఎర్రగా వెలిగింది. అది ఆ శాఖ సొంతంగా తయారు చేయించి ఊరంతా పెట్టించిన యంత్రమే. డైరెక్టరుగారు దానివంక చూసి, "దాన్ని గోడవైపు తిప్పి పెట్టండి," అన్నారు. చిత్తంగారు తిప్పి పెట్టారు. చర్చ ప్రశాంతంగా కొనసాగింది.

చివరికి డబ్బాను ఇంకా లోతుగా పరిశీలించాలని నిర్ణయించి లేచారు. న్యాయ సలహాదారు మొదట ఇంటికి పట్టుకెళ్లారు, ఏనుగు తర్వాత ఏ నేరం చేస్తుందో తెలియాలని. ఆ తర్వాత నిపుణురాలు తీసుకెళ్లారు. చిత్తంగారు అడిగినప్పుడల్లా, "దాని ప్రభావం ఇంకా పూర్తిగా తేలలేదు," అనేవారు. అకౌంట్స్ ఆఫీసరు దగ్గర ఉన్నన్నాళ్లూ ఆయన పొద్దున్నే కళకళలాడుతూ ఆఫీసుకు వచ్చేవారు. చివరికి డబ్బా డైరెక్టరుగారి గదికి చేరి అక్కడే స్థిరపడింది.

కింద పిల్లల గదిలో రంపం ఆగలేదు.

కళ్ల ఆసుపత్రిలో పనిచేసే చిత్తంగారి భార్య రోజూ రాత్రి కంచంలోంచి పిల్ల మొహం ఎత్తి తుడిచేది. ఒకనాడు ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఏవండీ, కన్వీనరు మీరే కదా. ఆ డబ్బా కింద గదిలో పెట్టమని ఒక్కమాట అనలేరా?"

"అంటాను. సమయం సందర్భం చూసుకోవాలి."

"పిల్ల కళ్లు చూడండి ఎలా ఉబ్బిపోయాయో. ఇంతకంటే సందర్భం ఏం కావాలి?"

"నా ప్రమోషను ఫైలు డైరెక్టరుగారి దగ్గరే ఉందే. ఇప్పుడు ఎదురు మాట్లాడితే..."

"మీరు మాట్లాడకపోయినా ఫైలు ఎన్నాళ్లనుంచో అక్కడే ఉంది," అందామె. మాట చిన్నదే. చిత్తంగారికి ఆ రాత్రి అది చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన గట్టిగా నిశ్చయించుకుని మెట్లెక్కారు. 'సార్, పిల్లలు నిద్రపోవడం లేదు, డబ్బా ఇప్పించండి' అన్న వాక్యాన్ని దారిపొడవునా వల్లె వేసుకున్నారు. డైరెక్టరుగారి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే లోపల తెరలు దించి ఉన్నాయి. డైరెక్టరుగారు బూట్లు విప్పి, సోఫాలో కాళ్లు ముడుచుకుని పడుకుని ఉన్నారు. న్యాయ సలహాదారు తివాచీ మీద పక్కకు ఒత్తిగిలి ఉన్నారు. అకౌంట్స్ ఆఫీసరు కుర్చీ దిండును కావలించుకుని ఉన్నారు. ఆ రోజు సమావేశం లేకపోయినా నిపుణురాలు కూడా ఉన్నారు. మధ్యలో ఎర్ర డబ్బా.

"సార్, పిల్లలు..." అని మొదలుపెట్టారు చిత్తంగారు.

"ష్," అన్నారు డైరెక్టరుగారు కళ్లు తెరవకుండానే. "ఏనుగు కుమ్మరివాళ్ల ఇంటికొచ్చింది. కూర్చోవయ్యా, గుమ్మానికి అడ్డం నిలబడకు."

"చిత్తం సార్."

కూర్చున్నారు. కుమ్మరింట్లోకి ఏనుగు తోక ముందు పెట్టి వెనక్కి నడుచుకుంటూ వెళుతోంది, కుండలు పగలకుండా. ఎలా వెళుతుందా అని చిత్తంగారు కాస్త ముందుకు వంగారు. కాసేపటికి కాళ్లు చాపుకున్నారు. డబ్బా గొంతు ఎంత చల్లగా ఉందంటే, ఏళ్ల తరబడి ఆయన భుజాల మీద పేరుకున్న ఫైళ్లన్నీ ఒక్కొక్కటే దిగిపోయినట్టనిపించింది. వచ్చిన పనేమిటో గుర్తు చేసుకుందామని కళ్లు మూసుకున్నారు. అంతే.

చెంప మీద ఏదో మెత్తగా తగిలితే మెలకువ వచ్చింది. ఎదురుగా పిచ్చుక. దాని వెనక పిల్లల గది మొత్తం, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని. అందరికంటే వెనక కొత్త ఆయమ్మ, వగరుస్తూ.

"ఏనుగు గొంతు వినపడిందని పైకొచ్చేశారండీ. పిలిస్తే ఆగలేదు," అంది ఆమె గుసగుసగా. ఆమె గుసగుసకే సంఘంవాళ్లు నలుగురూ ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు.

పిచ్చుక గదంతా కలయజూసింది. తెరలు, తివాచీ, దిండ్లు, పడుకుని లేచిన మొహాలు.

"నాన్నా, ఇది మీ క్లాసా?" అంది. "మీ క్లాసులో డబ్బా ఉందే. నేనూ మీ క్లాసులో చేరతా."

డైరెక్టరుగారు ఒక కాలితో బూటు కోసం వెతుక్కుంటూ, ఎంతో ఆప్యాయంగా, "నీకు ఇంకా వయసు చాలదమ్మా," అన్నారు.

అప్పుడు చిత్తంగారికి ఏమైందో ఆయనకే తెలియదు. నిద్రమత్తు పూర్తిగా వదలకపోవడం వల్ల కావచ్చు, లేదా పిల్ల ఉబ్బిన కళ్లు మరీ దగ్గరగా కనబడటం వల్ల కావచ్చు. లేచి, డబ్బా చేతిలోకి తీసుకుని, తిరగేసి, అడుగున ఉన్న అక్షరాలు పైకి చదివారు.

"మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు మాత్రమే."

ఆ శాఖ చరిత్రలో అంతటి నిశ్శబ్దం అంతకుముందు ఎప్పుడూ నమోదు కాలేదు. డైరెక్టరుగారి మొహం ఎర్రబడింది. అకౌంట్స్ ఆఫీసరు దిండు కింద పెట్టారు. నిపుణురాలు కిటికీవైపు చూశారు. తన ప్రమోషను కిటికీలోంచి ఎగిరిపోవడం చిత్తంగారికి కళ్లకు కట్టినట్టు కనబడింది. అయినా డబ్బా వదల్లేదు.

"కన్వీనరు లేవనెత్తిన అంశం సమంజసమే," అన్నారు చివరికి డైరెక్టరుగారు. "నియమం నియమమే. దీన్ని పిల్లలు కానివాళ్లు వాడటం తప్పు. ఇప్పుడు దారేమిటి?"

చిత్తంగారి గుండె కుదుటపడింది. పిచ్చుక చేతులు చాచింది.

న్యాయ సలహాదారు చొక్కా మడతలు సవరించుకుంటూ లేచారు. "దారి ఉంది సార్. మన శిశు సంరక్షణ కేంద్రం నియమావళిలో 'పిల్లలు' అంటే 'కేంద్రంలో పేరు నమోదైనవారు' అని ఉంది. వయసు ఊసే లేదు. సంఘ సభ్యుల పేర్లు కేంద్రంలో నమోదు చేస్తే చాలు. చట్టప్రకారం మనం పిల్లలం."

"మానసికంగా కూడా అభ్యంతరం లేదు," అన్నారు నిపుణురాలు.

"కానీ సీట్లు నిండిపోయాయి కదా," అన్నారు అకౌంట్స్ ఆఫీసరు.

"కొందరిని తాత్కాలికంగా వెయిటింగ్ లిస్టులో ఉంచుదాం. చిన్నవాళ్లు, వాళ్లకి బోలెడు కాలం ఉంది," అన్నారు డైరెక్టరుగారు. తర్వాత చిత్తంగారి భుజం తట్టి, "నియమం గుర్తుచేసింది నువ్వే కాబట్టి మొదటి పేరు నీదే రాస్తున్నామయ్యా. నిక్కచ్చి మనిషివి. నీ ఫైలు కూడా రేపే చూస్తాను," అన్నారు.

గదిలో అందరూ ఆయన వంకే చూస్తున్నారు. పిచ్చుక చేతులు ఇంకా చాచే ఉంచింది. చిత్తంగారు ఓసారి ఆ చేతులవైపు, ఓసారి డైరెక్టరుగారివైపు చూశారు. నోరు తెరిచారు. అందులో ఏళ్ల తరబడి ఒకే మాట కాపురముంటోంది. వేరే మాటకు చోటెక్కడిది?

డబ్బాను మెల్లగా మళ్లీ బల్లమీద పెట్టేశారు.

ఆ సాయంత్రం పిల్లను భుజాన వేసుకుని ఇంటికి చేరేసరికి భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"మాట్లాడారా?"

"మాట్లాడాను. అందరి ముందే మాట్లాడాను."

"నిజంగానా? మరి ఏమన్నారు, పిల్ల సంగతి తేలినట్టేనా?"

చిత్తంగారు నిద్రపోతున్న పిల్లను ఆమె చేతికందించి, కుర్చీలో కూర్చుని, వంగి బూట్ల ముడి విప్పడం మొదలుపెట్టారు. ఆ ముడి ఎంతకీ రాలేదు.

"నాకు సీటొచ్చింది," అన్నారు తలెత్తకుండానే. "పిల్లదే వెయిటింగ్ లిస్టులో ఉంది."