పూటకి బదులిచ్చిన సోఫా

ఆ రోజు పొద్దున్న టైలరమ్మ అనుకున్న పని ఒక్కటే. జప్తుకు కోర్టు అమీనా వచ్చేలోగా కుట్టు మిషనును ఇల్లు దాటించాలి. మొగుడు ఒక స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టాడు. స్నేహితుడు ఊరు విడిచాడు, సంతకం మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఇంట్లో నలుగురు కన్నేసే వస్తువంటూ ఉంటే ఆ మిషనే. పొయ్యి వెలిగేది దాని మీదే. చంటిది కూడా దాని టకటక వింటే తప్ప కన్ను మూయదు.

పక్కింటి పిన్నిగారిని అడిగింది. చుట్టరికం లేకపోయినా, పురిటినాటి నుంచీ చంటిదాన్ని చంకనేసుకు తిరిగిన మనిషి ఆవిడ. కాదనలేదు. కానీ ఆవిడ ముందుగదిలో సోఫా ఉండగా మిషను పట్టదు. "ఒక్క పూటేగా, సోఫా మీ ఇంట్లో పెట్టుకో అమ్మాయ్," అంది. సోఫా కదిలించేసరికి టీవీ బల్ల తలుపుకు అడ్డం వచ్చింది. టీవీ కూడా ఇటే వచ్చింది. మొగుడు చెమటలు కక్కుతూ అన్నీ మోసి, చివరికి ఆ సోఫాలోనే కూలబడి, ఇన్నాళ్లకు మనది ఇల్లులా ఉందన్నాడు. పెళ్లయ్యాక అతను ఇంటిని మెచ్చుకోవడం అదే మొదలు.

అమీనా గుమ్మంలోనే ఆగి ఇంటి నంబరు మళ్లీ చూసుకున్నాడు. అప్పులపాలైన ఇళ్లు అతనికి కొత్త కాదు గానీ, ఇంత కళగా ఉన్నదాన్ని ఈ మధ్య చూడలేదు. మంచినీళ్లు తాగి, సోఫాలో కూర్చుని, నెమ్మదిగా అడిగాడు.

"జీవనం ఎలాగమ్మా? ఏమన్నా కుడతారా?"

"అబ్బే, నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదండీ."

అమీనా ఆమె మెడకేసి చూశాడు. కొలతల టేపు వేలాడుతోంది. కంగారులో తియ్యడం మరిచిపోయింది.

"బాగా ఆలోచించుకుని చెప్పండి. మిషను లేదా?"

"పిల్ల మీద ఒట్టు, ఈ ఇంట్లో లేదు."

ఇంట్లో లేని మాట నిజమే కదా అని ఆమె లోపల్లోపల సర్దుకుంది. సరిగ్గా అప్పుడే చంటిది లేచి ఏడుపందుకుంది.

అమీనా నిట్టూర్చి సోఫా, టీవీ రాసుకున్నాడు. పిన్నిగారు పరుగున వచ్చి అవి తనవని లబలబలాడింది.

"జప్తుకు వెళ్లిన ప్రతి ఇంట్లోనూ సామాను పక్కింటివాళ్లదేనమ్మా. కోర్టులో అర్జీ పెట్టుకోండి," అన్నాడతను.

మరి నా ఇంట్లో ఉన్న మిషను ఎవరిదో అడగండి అనే మాట పిన్నిగారి నోటిదాకా వచ్చింది. చంటిదాన్ని చూసి మింగేసింది.

బండి కదిలే ముందు అమీనా టైలరమ్మ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "పొట్టపోసుకునే పనిముట్టు జప్తు చెయ్యకూడదమ్మా, చట్టమే అలా ఉంది. మిషను ఎక్కడుందో, ఈ సామాను ఎవరిదో అప్పుడే నిజం చెప్పుంటే, దేని జోలికీ పోకుండా, ఇంకేమీ లేదని రాసుకుని వెళ్లిపోయేవాణ్ణి. అందుకే రెండుసార్లు అడిగాను."

ఆమె మెడలోని టేపు అప్పుడు తీసింది.

అర్జీ పిన్నిగారు పెట్టనే పెట్టింది. ఎప్పుడో కొన్న సోఫాకు రసీదు ఎక్కడినుంచి తెస్తుంది? వేలంలో వచ్చిన సొమ్ము బండి కిరాయికీ కోర్టు ఖర్చులకూ సరిపోయింది. అప్పు చెక్కుచెదరకుండా అలాగే ఉంది. "నా సోఫా వచ్చిన రోజున వచ్చి నీ మిషను పట్టుకెళ్లు," అని పిన్నిగారు తలుపేసుకుంది. క్షమాపణ చెబుదామని టైలరమ్మ ఎన్నిసార్లు వెళ్లిందో, అన్నిసార్లూ గడియ పెట్టిన తలుపు ముందు నిలబడి తిరిగొచ్చింది. ఒప్పుకున్న చొక్కాలు చేత్తో కుడుతూ, నిద్ర పట్టని చంటిదాన్ని కాలితో ఊపుతూ, ఆ ఒట్టు వేయకుండా ఉండాల్సిందని వెయ్యోసారి అనుకునేది.

ఒక మధ్యాహ్నం పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే గోడ అవతల టకటక మొదలైంది. కుట్టడం రాని పిన్నిగారు ఒట్టి మిషను తొక్కుతోంది. చంటిది రెప్ప వాల్చింది. టైలరమ్మ గోడకు చెవి ఆనించి కళ్లు తుడుచుకుంది.

పిన్నిగారికి కోపం పిల్ల మీద కాదు కాబట్టి మిషను రోజూ నడుస్తోంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.