ఆకాశ ఓడకు దిష్టిచుక్క

దిష్టిచుక్క కుదరకపోవడం వల్ల, చంద్రమండలానికి పోవలసిన ఆకాశ ఓడ ప్రయాణికులతో సహా ఆరేళ్లుగా మైదానంలోనే నిలబడి ఉంది. అందులో వింతేమీ లేదు. అంతకు ముందరి ఓడకు ఇంకా ఎక్కువే పట్టింది.

ఓడను కుడి ఎడమలు అద్దంలో చూసినట్టు సమంగా కట్టారు. అంత చక్కగా ఉన్నదానికి దిష్టి తగులుతుంది గనక, దిష్టి శాఖవారు ఎడమ బుగ్గన నల్లచుక్క పెట్టమన్నారు. రంగులు వేసే గవరయ్య పెట్టాడు. మధ్యాహ్నం సరితూకం శాఖవారు కొలబద్దతో వచ్చి, ఎడమన ఉన్నది కుడిన లేదన్నారు. కుడిన కూడా పెట్టాడు. సాయంత్రం దిష్టి శాఖవారు మళ్లీ వచ్చి, రెండు బుగ్గలా ఉంటే అది దిష్టిచుక్క కాదు, అలంకారమన్నారు. ఎడమ చుక్కను కాస్త పెద్దది చేయించారు. మర్నాడు కుడిదీ పెద్దది చేయవలసి వచ్చింది. అలా పెరిగి పెరిగి చుక్కలు రెక్కలు దాటి కిటికీల మీదికి వచ్చాయి.

గవరయ్య భార్య అసిరమ్మ కుడివైపు చివరి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. చెల్లెలి పురిటికని ఎక్కింది. ఆ పురిట్లో పుట్టిన పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. దిగుదామంటే, బరువు సమంగా ఉండాలి గనక ఎడమవైపు అదే వరసలో ఉన్నాయన కూడా దిగాలి. ఆయనకు దిగే పనేమీ లేదు. గవరయ్య రోజూ నిచ్చెన మీద, ఆ కిటికీ ఎదురుగా కూర్చుని అన్నం తినేవాడు. ఆమె లోపల తినేది.

ఆ వేళ ఎడమవైపు చివరి కిటికీ నల్లబడింది. ఇక మిగిలింది అసిరమ్మదే.

"బాబూ, ఈ ఒక్కటీ ఒగ్గీయండి," అని గవరయ్య అధికారులిద్దరినీ అడిగాడు. "ఒక పక్కే ఉంటాది గదా. ఇదే దిష్టిచుక్క అనుకుంటే సరి."

"తెల్లచుక్కకు దిష్టి పోదయ్యా," అన్నారు దిష్టి శాఖ కామేశం గారు. "మా అమ్మమ్మ నాటి నుంచీ నలుపే."

సరితూకం శాఖ శ్రీపతి గారు చెడ్డమనిషి కాదు. "అది మీ ఆవిడ కిటికీ కాకపోతే అడిగేవాడివా?" అన్నారు.

"అడిగీవోణ్ని కాదు బాబూ."

గవరయ్య డబ్బా ఎత్తుకున్నాడు. అంచుల నుంచి లోపలికి వేసుకుంటూ వచ్చాడు.

"ఏటయ్యా, నా మొకం మీదికే వొచ్చీసినావు?" అంది అసిరమ్మ లోపల నుంచి.

"పని అయిపోనాదే."

"ఆ గడ్డం గీసుకో. సూళ్లేకపోతన్నాను."

"ఇంక సూడక్కర్లేదులే."

రెండు శాఖలూ ఆమోదించాయి. కుడి ఎడమలు సమం. ఇంత నల్లగా ఉన్నదానికి ఎవరి దిష్టీ తగలదు. నడిపేవాడి అద్దం కూడా మూసుకుపోయింది గనక, ఎటు పోవాలన్న తగువు లేదు. ఓడ బయల్దేరిందని మైకులో చెప్పారు. లోపల చప్పట్లు వినిపించాయి. మైదానంలోని జనం చేతులూపి ఎవరి పనికి వాళ్లు పోయారు. ఓడ ఉన్నచోటే ఉంది.

అసిరమ్మ లోపల నుంచి తట్టింది. "బయల్దేరిపోనామంట గదా."

"బయల్దేరిపోనారు."

"కుదుపే లేదు. మంచి బండే."

"మంచిదే."

"మరి నీ మాట ఇనిపిస్తందేటి?"

గవరయ్య రంగు డబ్బాకు మూత పెట్టాడు. "అలవాటు," అన్నాడు. "సేరినాక కబురెట్టు."

కారియరు విప్పి, ఓడకు వీపు ఆనించి తినసాగాడు. ఎంత దూరం పోయిందో సాయంత్రం మైకులో చెబుతామన్నారు.