కుర్చీ మీద కోటు

"ఈసారి కూడా రాకపోతే నాన్న వేషం ఇంకెవరికైనా ఇచ్చేస్తుందట మీ కూతురు," అంది భార్య, రొట్టె మీద వెన్న రాస్తూ.

భర్త గతుక్కుమన్నాడు. అతను ఓ పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఉద్యోగి. ఒక కంపెనీని ఇంకో కంపెనీ చేత కొనిపించడం అతని పని. పాప లేవకముందే వెళ్ళి, పడుకున్నాక వస్తాడు కనుక ఆ పిల్ల అతనికి 'ఆదివారం నాన్న' అని పేరు పెట్టింది. బడిలో పాప వేసిన నాటకాలు ఇప్పటికే రెండు ఎగ్గొట్టాడు. ఈరోజు పదకొండింటికి పాపది తాబేలు వేషం.

"వస్తాను. అంతా ఆలోచించే పెట్టుకున్నా," అన్నాడు ఆదివారం నాన్న గొంతు తగ్గించి. "నిన్ననే రెండో కోటు కొన్నాను."

ఆ బ్యాంకులో సెలవులు రూల్సులో ఉండేవి గానీ, ఎవరైనా తీసుకోగా చూసినవాళ్ళు లేరు. కుర్చీకి కోటు వేలాడుతుంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఆ అంతస్తుకి బాసైన పెద్దాయన తన అద్దాల గదిలోంచి చూసేది తలల్ని కాదు, కోట్లని. అందుకే తెలివైనవాళ్ళు ఒంటికొకటి, కుర్చీకొకటి ఉంచుకునేవారు.

"ఫోను కూడా బల్ల మీదే వదిలేస్తా. ఎవరడిగినా నేను ఆఫీసులోనే ఉన్నానని చెప్పు."

"సాయంత్రం ఆ కోటునైనా తొందరగా ఇంటికి పంపించండి," అంది భార్య.

పథకం బాగానే మొదలైంది. కుర్చీకి కోటు తగిలించి, పక్కన వేడి కాఫీ పెట్టి, పక్క సీట్లో కళ్ళజోడు పెట్టుకునే సహోద్యోగికి సంగతి చెప్పి, అతను మెట్లదారిన జారుకున్నాడు. కాసేపటికే పెద్దాయన గదిలోంచి బయటికొచ్చారు.

"ఇతనేడీ?"

"బాత్‌రూమ్‌కి వెళ్ళారు సార్," అన్నాడు కళ్ళజోడు.

అరగంట తర్వాత పెద్దాయన మళ్ళీ వచ్చారు. ఒకసారి చెప్పిన మాటను వెనక్కి తీసుకోవడం ఆ బ్యాంకులో అలవాటు లేదు.

"ఇంకా అక్కడే ఉన్నారు సార్," అన్నాడు కళ్ళజోడు.

"అరగంట నుంచా?"

"కడుపులో తేడాగా ఉందన్నారు సార్."

పెద్దాయన గార్డును పంపించారు. గార్డు పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చాడు. "ఒక తలుపు లోపలి నుంచి గడియేసుంది సార్. ఎంత పిలిచినా పలకట్లేదు!"

ఆ పాడు గడియ దానంతటదే పడిపోయి ఉంటుందని ఎవరికీ తోచలేదు. కళ్ళజోడుకి నిజం తెలుసు గానీ, చెబితే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి. లోపల ఏ అఘాయిత్యం చేసుకున్నాడోనని పెద్దాయన హడలిపోయారు.

"ఈమధ్య పని గురించి మీతో ఏమైనా అన్నాడా? దాచకుండా చెప్పండయ్యా!"

అలాంటి ప్రశ్న ఆ అంతస్తులో అంతవరకూ ఎవరూ అడగలేదు. ఏళ్ళ తరబడి గొంతులో అడ్డం పడ్డవన్నీ ఒక్కసారి కదిలాయి.

"ఆదివారం మీ ఫోనొస్తే గుండె దడదడలాడుతోందన్నారు సార్," అన్నాడు కళ్ళజోడు తన గుండె పట్టుకుని.

"రాత్రంతా కూర్చుని చేసింది మీరు తిప్పైనా చూడకుండా పక్కన పడేస్తే ఏడుపొస్తోందన్నారు," అంది ఎదురు సీటావిడ. ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చింది.

"జీతం బాగానే ఉందిట సార్, ఖర్చు పెట్టుకునే తీరికే లేదన్నారు!"

"కాఫీ మిషన్ గురించి కూడా అన్నారు సార్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఇన్ని మనసులో పెట్టుకుని తిరుగుతున్నాడా పిచ్చివాడు!" అంటూ పెద్దాయన చెమట తుడుచుకున్నారు. "పగలగొట్టండి తలుపు!"

గార్డు భుజంతో ఒక్క గుద్దు గుద్దాడు. తలుపు ఊడి కింద పడింది. లోపల ఎవరూ లేరు. పెద్దాయన అతని భార్యకి ఫోన్ చేశారు.

"ఆఫీసులోనే ఉన్నారండీ!" అంది ఆవిడ, నేర్చుకున్న పాఠం ఒప్పజెబుతూ. "కోటు కుర్చీకే ఉందిగా, చూసుకోండి!"

"పాపం, కంగారులో ఏదేదో మాట్లాడుతోంది," అన్నారు పెద్దాయన ఫోన్ పెట్టేసి.

బడి హాల్లో భార్య భర్త చెవిలో ఊదింది. "మీరు కనబడట్లేదట. పెద్దాయనే ఫోన్ చేశారు."

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. లేవబోతుండగా తాబేలు వేదిక మీదికొచ్చింది. జనంలో వెతికింది. నాన్నను చూసి నోరంతా తెరిచి నవ్వి, "నేను మెల్లగా వస్తాను, కానీ వస్తాను!" అని గట్టిగా చెప్పింది. ఉద్యోగం పోతే పోయింది అనుకుని అతను మళ్ళీ కూర్చున్నాడు. తెర పడేవరకూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆఫీసుకి వచ్చేసరికి అంతా అతని కుర్చీ చుట్టూ మూగి ఉన్నారు. పెద్దాయన ఒక్క ఉదుటున వచ్చి వాటేసుకున్నారు. "బతికించావయ్యా!" అన్నాక, ఒంటి మీది కోటును చూశారు. తర్వాత కుర్చీని చూశారు. "మరి అదేమిటి?"

ఇక దాచి లాభం లేదని అతను ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పెద్దాయన బల్లల మధ్య నడుస్తూ ఒక్కో కోటూ ఎత్తి చూడసాగారు. ఒకదానికి ధర చీటీ ఇంకా ఊడలేదు. ఇంకొకటి ఎవరిదని అడిగితే, పోయినేడు ఉద్యోగం మానేసినతనిదన్నారు.

"అతను బాగా కష్టపడుతున్నాడని మొన్ననే పైవాళ్ళకి చెప్పానే!" అంటూ పెద్దాయన దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డారు. "అంటే రోజూ నేను చూస్తున్నది మనుషుల్ని కాదా? మీరంతా ఉండగా ముందు లేస్తే బాగుండదని, రోజూ పొద్దుపోయేదాకా గళ్ళనుడికట్లు నింపుకుంటూ కూర్చున్నానయ్యా! మా ఆవిడ నాతో మాట్లాడ్డమే మానేసింది!"

పెద్దాయన తలెత్తి ఆదివారం నాన్నను అడిగారు. "ఆ ఫోనూ, ఏడుపూ, కాఫీ మిషనూ... అవన్నీ నువ్వన్నవేనా?"

అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. కళ్ళజోడు చేతులు జోడించి కళ్ళతోనే బతిమాలుతున్నాడు. "నేనే అన్నాను సార్," అన్నాడు ఆదివారం నాన్న.

"కాఫీ మాత్రం నిజంగా దరిద్రంగానే ఉంటుంది," అన్నారు పెద్దాయన. అంతస్తంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "ఆరింటికి ఎవరి కోటు వాళ్ళు తీసుకుని ఇళ్ళకి నడవండి. నేనే ముందు."

ఆ సాయంత్రం ఆరింటికి లిఫ్టు దగ్గర తొక్కిసలాట చూసి, మంటలంటుకున్నాయేమోనని గార్డు పైకి పరిగెత్తాడు. ఆదివారం నాన్న రెండు కోట్లూ చేత పట్టుకుని ఇంటి బెల్లు కొట్టాడు. వేషం ఇంకా విప్పని తాబేలు తలుపు తీసి, అతన్ని పైకీ కిందకీ చూసి, లోపలికి కేకేసింది.

"అమ్మా, ఆదివారం నాన్న వచ్చేశాడు! రేపు బడి లేదా?"