సీలు కవరులో ప్రశ్న

ఇకమీదట జనాన్ని అడిగే ప్రతి ప్రశ్ననీ ప్రయోగశాల ప్రమాణాలతోనే అడుగుతామని మంత్రిగారు మైకు ముందు ప్రకటించారు. సామాజిక పరిశోధన ఇన్నాళ్లూ నోటిమాట మీద నడిచిందని ఎంతో నొచ్చుకున్నారు.

వెనక వరసలో కూర్చున్న సర్వే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. తొమ్మిదేళ్లుగా గడప గడపా ఎక్కి దిగుతోంది. తమ వెనకవీధికి కుళాయిలు కావాలని ఎన్ని ఫారాలు నింపినా పైపు మాత్రం మలుపు దాటి రాలేదు. సైన్సు పుణ్యమా అని ఇప్పుడైనా వస్తుందనుకుంది.

మర్నాడు ఆఫీసరుగారు పిలిచారు.

"అదృష్టవంతురాలివమ్మా. మీ వీధిని ప్రయోగానికి ఎంపిక చేశాం."

"కుళాయిలు ఇస్తున్నారాండీ?"

"ఇవ్వం. ముందువీధికి ఇచ్చాం, మీకు ఇవ్వలేదు. రెండూ పోలిస్తేనే కదా కుళాయి విలువ తెలిసేది! తేడా తేలిందా, మర్నాడే మీకూ పైపు."

"తేలకేం చేస్తుందండీ! ఇంతకీ ప్రశ్న ఏమిటి?"

"నీకు తెలిస్తే గొంతులో పక్షపాతం వస్తుంది. వాళ్లకి తెలిస్తే జవాబులో వస్తుంది. అందుకే ప్రశ్నని సీలు కవర్లో పెట్టి మంత్రిగారి బీరువాలో దాచాం. నువ్వు 'అవునా, కాదా' అని అడుగు, చాలు."

"ఏది అవునా అండీ?"

"చూశావా, అప్పుడే ఆరా! ఆరాలు సైన్సుకి పడవు."

ముందువీధిలో ఒకాయన కుళాయి కింద తల పెట్టి స్నానం చేస్తున్నాడు. "కాదంటే ఏమవుతుంది?" అన్నాడు సబ్బు నురగలోంచి.

"కారణాల ఫారం నింపాలండీ. ఇరవైరెండు పేజీలు."

"అయితే అవును."

వెనకవీధిలో తన ఇంటికే వెళ్లింది. అత్తగారు ట్యాంకరు దగ్గర్నించి బిందె మోసుకొస్తోంది.

"అత్తయ్యా, అవునా, కాదా?"

"ఏమిటే అది?"

"నాకూ తెలీదు. కాదంటే మాత్రం ఇరవైరెండు పేజీలు."

"నడుము విరుగుతుంటే పేజీలొకటి! అవునని రాసి, ఈ బిందె లోపల పెట్టు."

ఫలితాల రోజున మంత్రిగారు కెమెరాల ముందు సీలు చించి ప్రశ్న చదివారు. "మీ ఇంటికి చాలినన్ని నీళ్లు వస్తున్నాయా?" ముందువీధిలో అవునన్నవారు నూటికి నూరు మంది. వెనకవీధిలోనూ నూటికి నూరే. తేడా సున్నా. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

"కుళాయి ఉన్నా లేకపోయినా ఒకటేనని శాస్త్రం తేల్చేసింది!" అన్నారు మంత్రిగారు.

సర్వే ఆవిడ లేచి నిలబడింది. "అయ్యా, మా వీధిలో అసలు నీళ్లే రావండీ."

మంత్రిగారు కన్నతండ్రిలా నవ్వారు. "అది నీ ఒక్కదాని అనుభవం తల్లీ. శాంపిల్ చాలదు."

వారం తిరక్కుండా ముందువీధి కుళాయిలు ఊడబీకేశారు. ట్యాంకరు దగ్గర వరస రెండింతలయింది. స్నానం చేసినాయన కూడా బకెట్టుతో అత్తగారి వెనకే నిలబడ్డాడు. ఫలితాన్ని మళ్లీ రుజువు చేయాలని రెండో విడత సర్వే మొదలైంది. కోడలు కొత్త ఫారం పట్టుకుని అక్కడికే వచ్చింది.

"ఈసారి కాదని రాయవే," అంది అత్తగారు బిందె కింద పెట్టి. "ఇరవైరెండు కాదు, నలభై పేజీలైనా చెప్తాను."

కోడలు ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది.

"కాదు అనే గడి ఎవరూ వాడట్లేదని తీసేశారు అత్తయ్యా."